కమిట్ మీద ఎవరి పేరుంది?



నేను ఫిలింనగర్‌లో ఒక చిన్న గ్రాఫిక్స్ ఆఫీసులో పని చేస్తున్నా. సినిమా షాట్లు చేసేది ఆర్టిస్టులు, వాళ్లకు కావాల్సిన పైథాన్ ప్రోగ్రాములు రాసేది మేం ముగ్గురం. ఈ జూబ్లీహిల్స్ ఏరియాలో ఏ కంప్యూటర్ తెరిచినా ఫైళ్ల పేర్లు ఒకే తీరు: ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘డైరెక్టర్ ఓకే ఫైనల్’. అసలుది ఏదో సేవ్ చేసినోడికే తెలుసు. వాడు సెలవు పెడితే పని ఆగుతది.

ఈ తిప్పలు మాకు లేకుండా చేసేది గిట్. లినక్స్ రాసేవాళ్లకు బిట్‌కీపర్ ఉచితంగా దొరకడం ఆగిపోతే, 2005 ఏప్రిల్‌లో లినస్ టోర్వాల్డ్స్ దీన్ని మొదలుపెట్టాడు.

మొన్న ఒక చెల్లె అడిగింది, "అన్నా, మా గూడెంలో సిగ్నల్ రాదు, గిట్ ఎట్ల నేర్చుకోవాలె?" అని. చెల్లే, గిట్‌కు రోజూ నెట్ అక్కర్లేదు. చరిత్ర మొత్తం నీ దగ్గరే ఉంటది. ‘గిట్ ఇనిట్’ అంటే ఆ ఫోల్డర్‌కు ఒక లెక్కల పుస్తకం తెరవడం. ‘గిట్ యాడ్’తో ఏ మార్పులు ఎక్కించాలో ఏరి పెడతావు, ‘గిట్ కమిట్’తో ఎక్కిస్తావు. ‘గిట్ లాగ్’ పాతవన్నీ చూపిస్తది. ‘పుష్’, ‘పుల్’ చేసేటప్పుడే నెట్ కావాలి. దండారికి ఇంటికి పోయినప్పుడు నేను అక్కడే కమిట్లు పెట్టుకుని, ఉట్నూరు వచ్చినంక అన్నీ ఒక్కసారే పుష్ చేశా. ల్యాప్‌టాప్ లేకుంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ వేసుకో, అందులోనూ గిట్ నడుస్తది.

బ్రాంచ్ అంటే డైరెక్టర్ ఇంకో క్లైమాక్స్ తీసి చూద్దామన్నట్టు. నచ్చితే మెర్జ్, లేకుంటే తీసెయ్. ఒకే లైను ఇద్దరు మారిస్తే గిట్ తీర్పు చెప్పదు, కాన్‌ఫ్లిక్ట్ అని ఆగి మనల్నే అడుగుతది. షాట్ల ఫ్రేములు మాత్రం ఇందులో పెట్టకండి. 100 ఎంబీ దాటిన ఫైలును గిట్‌హబ్ తీసుకోదు.

ఇంకోటి. మా దిక్కు పిల్లగాడు ఒకడు వేరే ఆఫీసులో ఏడు నెలలు ఒక టూల్ రాశాడు. అందరికీ ఒకే కంప్యూటర్, కమిట్లన్నీ ‘అడ్మిన్’ పేరు మీదనే. వాడు పని మానేసినంక లాగ్ తీస్తే వాడి పేరు ఒక్క చోటా లేదు. సినిమా టైటిల్స్‌లో పేరు రాలేదని ఇక్కడ ఎంత గొడవైతదో రోజూ చూస్తం. వీడు గొడవ పెట్టుకోవడానికి కూడా ఆధారం లేకపోయింది.

అందుకే మొదటి కమిట్ కంటే ముందే ‘గిట్ కన్ఫిగ్’తో యూజర్ నేమ్, ఈమెయిల్ పెట్టుకోండి. ఇంటిపేరుతో సహా: ఆత్రం, మడావి, కుంరం, ఏదైతే అది. ఈమెయిల్ మీ గిట్‌హబ్ ఖాతాలోదే కావాలి, లేకుంటే ఆ కమిట్లు మీ లెక్కలోకి రావు. గిట్ ఆ పేరు నిజమా అని అడగదు, ఏది కొడితే అదే రాసుకుంటది. ఆఫీసు కోడ్ బయటికి తేవద్దు కాబట్టి, సొంతంగా రాసుకున్న చిన్న ప్రోగ్రాములైనా మీ ఖాతాలో పెడుతూ ఉండండి.