పామర్రు సెంటరు నుంచి నవలల కబుర్లు

ఫాల్గుణం వచ్చేసింది. మినుము పీకుడు చాలా చోట్ల అయిపోయింది. మిగిలినవాళ్ళు కుప్పల మీద పరదాలు కప్పి నూర్పిడి మిషను కోసం చూస్తున్నారు. సాయంత్రం పామర్రు సెంటరులో నిలబడితే మినుము రేటు, పిల్లల పరీక్షలు, కాలవ ఎప్పుడు కట్టేస్తారు అన్న మాటలే. మా నలుగురైదుగురికి ఇంకో వ్యాపకం కూడా ఉంది. జనవరిలో బెజవాడ పుస్తకాల పండగలో తలా ఓ సంచీ నింపుకొచ్చాం కదా, ఒకరివొకరం మార్చుకుని చదవడం ఇప్పటికి ఓ కొలిక్కి వచ్చింది.

ఈ వారం చేతులు మారింది ‘కొండపొలం’. రాసిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిది కడప జిల్లా. దీనికి 2019లో తానా నవలల పోటీలో బహుమతి వచ్చింది. 2021లో క్రిష్ సినిమాగా తీశారు. సినిమా చూసేశాం కదా అని ఊరుకోకండి, నవల రుచి వేరు. కరువు ముదిరి మేతా నీళ్ళూ దొరకనప్పుడు గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కడమే కొండపొలం. చదువుకుని, ఉద్యోగం రాక, బెరుకు వదలక ఇల్లు చేరిన కుర్రాడు ఆ మంద వెంట అడవిలోకి వెళ్తాడు. కాలవ నీళ్ళ కింద పుట్టిన మనకి ఆ దాహం కొత్త.

కొత్తే గానీ మరీ దూరం కాదు. మినుము తీసిన చేలలోకి మెట్ట నుంచి గొర్రెల మందలు దిగాయి చూడండి. రాత్రికి ఇంత అని మాట్లాడుకుని రైతులు చేలో మంద కట్టిస్తున్నారు. వల చుట్టూ కట్టి, గొర్రెల్ని లోపలికి తోలి, పిల్లల్ని విడిగా గంపల కింద కమ్మారు. మార్కాపురం వైపు నుంచి వచ్చిన ఓ పెద్దాయనతో మాట కలిపితే, “చిన్నప్పుడు మా నాయనతో కొండకు పోయినా అయ్యా, రాత్రంతా నెగడు ఆరనిచ్చేవాళ్ళం కాదు” అన్నాడు. నవలలో చదివిన అడవి మన చేనుగట్టు మీదికే వచ్చి కూర్చున్నట్టయింది.

నాకు ప్రాణమైన పుస్తకం మాత్రం ఇంకా దగ్గరిది. గుడివాడ దాటి మండవల్లి, కైకలూరు వైపు వెళ్ళండి. రోడ్డుకి రెండు వైపులా చేపల చెరువులే, నీళ్ళు చిమ్ముతూ తిరిగే ఏరేటర్లే. అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ ఆ నేలది. ‘భద్రం కొడుకో’ సినిమా తీసిన దర్శకుడే ఆయన. బుడమేరూ తమ్మిలేరూ తెచ్చే నీటితో నిండి, ఉప్పుటేరు గుండా సముద్రానికి వదిలే కొల్లేరు సరస్సుని తన చిన్ననాటి కళ్ళతో చూసి రాశారు. పడవలు, పిట్టలు, వరదలు, ఆ నీళ్ళనే నమ్ముకున్న మనుషులు అన్నీ ఉన్నాయి. కొల్లేరుని 1999లో అభయారణ్యం చేశారు, 2006లో చెరువు గట్లు కొట్టించారు. అప్పుడు పేపర్లలో ఎకరాల లెక్కలు చదివాం. అక్కడి పిల్లాడికి ఆ నీళ్ళు ఏమవుతాయో నవల చదివాకే తెలిసింది. వసంత్ కన్నబిరాన్ దీన్ని ఇంగ్లీషులోకి తీసుకెళ్ళారు. బయట చదువుకుంటున్న మన పిల్లలకి ఆ పుస్తకమైనా పంపండి.

కుటుంబరావు ఇంట్లోనే మరో నవల పుట్టింది, ఆయన భార్య ఓల్గా ‘గమనమే గమ్యం’. 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకి వెళ్ళిన డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ జీవితమే దానికి ప్రేరణ. కృష్ణా జిల్లా రాజకీయాల్లో ఆడవాళ్ళు ఎక్కడున్నారని అడిగేవాళ్ళకి ముందు అదే చేతిలో పెడతాను.

పాతవాళ్ళ మాట రాకుండా ఉండదుగా. ‘సెక్రటరీ’ రాసిన యద్దనపూడి సులోచనారాణిది మన పక్కనే మొవ్వ మండలం కాజ. 1976లో అది సినిమా అయితే హీరో గుడివాడ దగ్గర పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు. విశ్వనాథ సత్యనారాయణ ‘ఏకవీర’ తెరకెక్కితే అందులో వేసింది ఆయన శిష్యుడు, మన నిమ్మకూరు ఎన్టీ రామారావు. ఈ చుట్టుపక్కల నవలకీ సినిమాకీ చుట్టరికం అలాంటిది.

ఇన్ని చదివినా దివిసీమ ఉప్పెన మీద నవల కోసం నా ఆకలి తీరలేదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో వేల మంది పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళలో తాటిచెట్టంత అల వచ్చిందని ఇప్పటికీ చెప్తారు. 2027కి యాభై ఏళ్ళు. ఆ రాత్రి చెట్టుని కరుచుకుని బతికిన పిల్లలకి ఇప్పుడు అరవై దగ్గర పడుతున్నాయి, పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. రాసే చెయ్యి ఉన్న కుర్రాళ్ళు ఈ వేసవి సెలవుల్లో అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు ఓ నోటుబుక్కు పట్టుకుని వెళ్ళండి. తెలిసినవాళ్ళ ఇళ్ళు చూపించడానికి, వెంట రావడానికి నేను సిద్ధం.