మచ్చ మిగులుతుంది, బరువు దిగుతుంది

రొమ్ముల బరువుతో మెడ లాగేస్తోందని మా నర్సీపట్నంలో ఎవరైనా అంటే "పెళ్లయి పిల్లలు పుడితే అదే సర్దుకుంటుందిలే" అంటారు. సర్దుకోదండీ! కడుపుతో ఉన్నప్పుడు సైజు ఇంకా పెరుగుతుంది.

మా పిన్ని కూతురికి భుజాల మీద బ్రా పట్టీల గాట్లు, వేసవిలో రొమ్ముల కింద ఒరుసుకుపోవడం. తగ్గించే ఆపరేషన్ చేయించుకుంటే ఎలా ఉంటుందక్కా అని అడిగింది. నేను చెప్పింది ఇదీ..

మెడ, భుజాల నొప్పులు చాలామందికి బాగా తగ్గుతాయి. అసలు లాభం అదే. మచ్చలు మాత్రం ఖాయం. చనుమొన చుట్టూ, అక్కణ్ణించి కిందికి, కింద మడత వెంబడి. ఏడాదికి రంగు తగ్గుతాయి, పూర్తిగా పోవు. వాపు దిగి అసలు ఆకారం తేలడానికి కొన్ని నెలలు పడుతుంది. రెండోవారం అద్దం చూసుకుని బెంగపడక్కర్లేదు. చనుమొనల స్పర్శ తగ్గొచ్చు. పిల్లలకి పాలు కొందరు ఇవ్వగలరు, కొందరికి చాలవు. ముందే గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. తర్వాత ఒళ్లు చేసినా, గర్భం వచ్చినా సైజు మళ్లీ మారొచ్చు.

మన ఐటీ జనాలకి ఇంకోమాట. 2019లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మినహాయింపుల్లో, ఆరోగ్యానికి నేరుగా, తక్షణం ప్రమాదం ఉండి చికిత్స అవసరమని డాక్టరు ధ్రువీకరిస్తే తప్ప, ఇలాంటి ప్లాస్టిక్ సర్జరీకి ఇన్సూరెన్స్ రాదని ఉండేది. మీ పాలసీ సంగతి ముందే మెయిల్‌లో అడిగి పెట్టుకోండి.

అంతా విని పిన్ని "సంబంధాల వాళ్లు మచ్చల గురించి అడిగితేనో?" అంది. ఇన్నేళ్లూ దాని మెడనొప్పి గురించి ఒక్కరూ అడగలేదు మరి!