మా రాయచోటి దారులకు ఏ పికప్?

రాయచోటిలో పికప్ అంటే టమోటా క్రేట్లు, మామిడికాయలు, పొట్టేళ్లు తోలే బండి. అట్లాంటి బండిని ముప్పై లక్షలు పోసి ఇంటి వాడకానికి కొంటామంటే మా వీధిలో పెద్దోళ్లు నవ్వుతారు. కువైట్ నుంచి వచ్చినోళ్లు మాత్రం నవ్వరు. మా పక్క ఏ ఊరికి పోయినా కువైట్‌లో పనిచేసి వచ్చినోళ్లు కనిపిస్తారు. అక్కడ పికప్‌ను ‘వానెట్’ అంటారు. ఎడారి ఇసుకలో టయోటా హైలక్స్ తోలిన చేతులకు దాని విలువ తెలుసు.

మా బావ అట్లాంటి డ్రైవరే. ఏళ్ల తరబడి అక్కడ కష్టపడి, ఇక చాలని వచ్చేశాడు. “రేయ్ బామ్మర్దీ, కొంటే టాప్ మోడలే కొందాం. మళ్లీ మళ్లీ కొనే వస్తువా ఇది?” అన్నాడు. నేను బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పనిచేసే సాఫ్ట్‌వేర్ వాణ్ని. బండ్ల సంగతి నాకేం తెలుసంటే వినడు. “ఇంజినీరింగ్ చదివినావు కదా, చూడు” అంటాడు. చూశాను. బ్రోషర్ కంటే మా ఊరి నుంచి పోయే దారులే ఎక్కువ చెప్పాయి.

ఉన్న బండ్లు ఇవీ

ఇంటికీ, అడవి దారికీ పనికొచ్చే పికప్‌లు మన దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇసుజు వి-క్రాస్ మన శ్రీసిటీలోనే తయారవుతుంది. ఆ ఫ్యాక్టరీ 2016లో మొదలైంది. హైలక్స్ ఇక్కడికి 2022లో వచ్చింది. వి-క్రాస్‌కు తమ్ముడిలాంటి హైలాండర్ టూ వీల్ డ్రైవ్, అంటే ఇంజిన్ బలం వెనక చక్రాలకే అందుతుంది. పని ముఖ్యం అనుకునేవాళ్లకు మహీంద్రా బొలెరో క్యాంపర్ ఉంది. వేరియంట్ మారితే ఫోర్ వీల్ డ్రైవ్, గేర్‌బాక్స్, ఎయిర్‌బ్యాగులు, సీట్ల తోలు అన్నీ మారతాయి. ధర కూడా లక్షల్లో మారుతుంది.

బజారు దారి

ఏడాదిలో ఎక్కువ రోజులు బండి తిరిగేది ఊళ్లోనే. వీరభద్రస్వామి గుడి పక్క సందుల్లో ఆటో ఎదురొస్తేనే కష్టం. వి-క్రాస్, హైలక్స్ రెండూ 5.3 మీటర్ల పొడవుంటాయి. స్విఫ్ట్ నాలుగు మీటర్లు కూడా ఉండదు. కాబట్టి రోజువారీ వాడకానికి సన్‌రూఫ్ కన్నా రివర్స్ కెమెరా, సెన్సర్లు ముఖ్యం. మా అక్క కూడా తోలాలి కాబట్టి క్లచ్ తొక్కే పని లేని ఆటోమేటిక్ కావాలి. ఇది సోకు కాదు. ఆమె తోలలేకపోతే బండి సగం రోజులు ఇంటి ముందే ఉంటుంది.

ఘాటు దారి

కడపకు పోవాలంటే గువ్వలచెరువు ఘాటు దిగాలి. పాలకోవా కోసం అందరూ ఆగే చోటే. కర్నూలు నుంచి చిత్తూరు మీదుగా తమిళనాడుకు పోయే 40వ నంబరు జాతీయ రహదారి ఇది. లారీలు, కంటైనర్లు ఆగకుండా తిరుగుతుంటాయి. ఇక్కడ పికప్‌కు ఒక గుణం ఉంది. వెనక తొట్టి ఖాళీగా ఉంటే వెనక చక్రాల మీద బరువు తక్కువ. బరువు మోయడానికి పెట్టిన లీఫ్ స్ప్రింగులు గతుకుల్లో ఎగరేస్తాయి. వాన పడిన మలుపులో గట్టిగా బ్రేక్ తొక్కితే తోక పక్కకు జారే ప్రమాదం ఉంది.

దీన్ని కాచేది ఫోర్ వీల్ డ్రైవ్ కాదు. ఈ బండ్లలో దాన్ని పొడి తారు రోడ్డు మీద వాడనే కూడదు. ముందు, వెనక ఇరుసులు ఒకే వేగంతో తిరగాల్సి వచ్చి మలుపుల్లో గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. ఘాటులో కాచేవి మంచి టైర్లు, జారకుండా పట్టుకునే ఈఎస్‌సీ, ఎయిర్‌బ్యాగులు. కింది వేరియంట్లలో కోత పడేది ఎక్కువగా వీటికే. అందుకే బ్రోషర్‌లో మొదటి ఫొటో కాదు, చివరి పేజీ పట్టిక చదవాలి.

డొంక దారి

వీరబల్లి పక్క మా మామిడి తోటకు తారు రోడ్డు దిగాక డొంక దారే. ఎండాకాలం టూ వీల్ డ్రైవ్ బండి హాయిగా పోతుంది. వాన పడితే బురదలో వెనక చక్రాలు ఒకేచోట తిరుగుతాయి. కాయలతో ఎక్కేటప్పుడు ఫోర్ వీల్ డ్రైవ్, దాని లో గేర్ అవసరం పడేది అక్కడే. ఇసుకకు మా బావ దగ్గర ఇంకో విద్య ఉంది. “ముందు గాలి తియ్, తర్వాత యాక్సిలరేటర్” అంటాడు. గాలి 20 పీఎస్‌ఐ దగ్గరికి తగ్గిస్తే టైరు వెడల్పయి ఇసుకలో దిగబడదు. రోడ్డెక్కగానే మళ్లీ నింపాలి. చిన్న కంప్రెసర్ చాలు. సర్కారు తుమ్మ ముళ్లకు, పదునైన రాళ్లకు ఆల్ టెరైన్ టైర్లు మేలు.

ఒక్కచోట మాత్రం ఏ బండీ పనికిరాదు. మా వంకలు ఏడాదంతా ఎండి ఉంటాయి, వచ్చినప్పుడు ఒక్క గంటలో వస్తాయి. 2021 నవంబరులో పింఛా, అన్నమయ్య ప్రాజెక్టుల కట్టలు తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడింది. పారే నీళ్లు రెండడుగులుంటే పికప్‌నైనా ఈడ్చుకుపోతాయి. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా అని వంకలోకి దిగేవాడికే ముప్పెక్కువ.

కాగితాల సంగతి

సొంత వాడకానికా, సరుకు రవాణాకా? తెల్ల బోర్డా, పసుపు బోర్డా? కొనేముందే ఆర్టీఓ ఆఫీసులో అడగాలి. ఇంటి పికప్‌లు మోసే బరువు తక్కువ. టన్నుల్లో కాయలు తోలాలంటే 1.7 టన్నుల బొలెరో పికప్ లాంటిదే కావాలి. ఏ పికప్ తొట్టిలోనూ మనుషుల్ని ఎక్కించకూడదు, తిరునాళ్లయినా సరే. ఇంకొకటి, సుండుపల్లి పక్క ఎర్రచందనం అడవులు. రాత్రిపూట తొట్టికి టార్పాలిన్ కట్టుకుని పోయే పికప్‌ను చెక్‌పోస్టులో ఆపకుండా వదలరు. సరదాకైనా అడవిలోకి అనుమతి లేకుండా పోవద్దు.

చివరికి తేలింది

హైలక్స్ టాప్ మోడల్ మంచి బండే. వెనక డిఫరెన్షియల్ లాక్ కూడా ఉంది. మా తోట దారికి అంత అవసరం లేదు. హైలాండర్‌తో డబ్బు మిగులుతుంది గానీ వానాకాలంలో తోట చేరలేం. మాకు కుదిరింది ఫోర్ వీల్ డ్రైవ్, ఆటోమేటిక్, ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్న వి-క్రాస్. బావ ముఖం కాసేపు చిన్నబోయింది. హైలక్స్ టాప్‌తో తేడా ఎంతో లెక్క చూపిస్తే, “అయితే తోటలో బోరు ఏపిద్దాం” అన్నాడు. కువైట్ ఎండలో సంపాదించిన డబ్బు సగం చక్రాల కిందికి, సగం చెట్ల కిందికి పోతే అక్కకూ సమ్మతమే.

మీరు కొనాలనుకుంటే షోరూమ్‌కు పోయేముందు ఒక పని చేయండి. పోయిన ఏడాది మీరు ఏ దారిలో ఎన్ని రోజులు తిరిగారో కాగితం మీద రాసుకోండి. సేల్స్ కుర్రాడు వేరియంట్ల పేర్లు చెప్పడం మొదలుపెట్టినప్పుడు ఆ కాగితం చేతిలో ఉండాలి.