ఒత్తు

మా బళ్ళారిలో కొన్ని మాటలు తెలుగో కన్నడమో తేల్చడం కష్టం. ‘ఒత్తు’ అలాంటిదే. కాళ్లు లాగుతుంటే మా ఇంట్లో ‘కాళ్లు ఒత్తు’ అంటాం, పక్కింట్లో ‘కాలు ఒత్తు’ అంటారు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకూ, బళ్ళారి మైసూరుకూ పోయాయి గాని ఈ మాట మాత్రం రెండు వైపులా ఉండిపోయింది. రుద్దడం దగ్గరే తేడా. మనం వీపు రుద్దుతాం, కన్నడంవాళ్లు ‘బెన్ను తిక్కు’తారు. ఆంధ్రనుంచి వచ్చిన కొత్తకోడళ్లకు అది విని తిక్క అనిపించి నవ్వొస్తుంది.

మా అమ్మాయి కాపురం జర్మనీలో. నిరుడు కూతురు పుట్టింది. ఆ దేశంలో కాన్పయ్యాక మంత్రసాని ఇంటికే వచ్చి చూస్తుంది. నా భార్య పసిదాన్ని కాళ్లమీద వేసుకుని నూనె రాస్తుంటే, దీన్ని మీ భాషలో ఏమంటారని అడిగిందట. ‘మర్దనం అని చెప్పనా నాన్నా?’ అని అమ్మాయి ఫోను చేసింది.

మర్దనం నాకు నచ్చలేదు. కాళీయమర్దనం, మహిషాసురమర్దిని అనే నోటితో పసిబిడ్డకు ఆ మాట ఎలా వాడతాం? జర్మన్ ‘మసీరెన్’కూ ఇదే తంటా. ఒళ్లు పట్టడమూ అదే, సైన్యాన్ని ఒకచోట చేర్చడమూ అదే.

విడివిడి పనులకు మాత్రం వాళ్లకు చక్కటి మాటలున్నాయి. నిమరడం ష్ట్రైషెన్, రుద్దడం రైబెన్, తట్టడం క్లొప్ఫెన్. క్నేటెన్ అంటే పిసకడం, మనకులాగే పిండికీ కండకూ ఒకటే. ఒత్తడం ‘ద్ర్యుకెన్’. దాని తోబుట్టువు ‘ద్రుకెన్’ అంటే అచ్చువేయడం. మనమూ పుస్తకం అచ్చొత్తిస్తాం కదా! 1894లో మంగళూరులో అచ్చయిన పెద్ద కన్నడ నిఘంటువును కూర్చిన కిట్టెల్ జర్మనుడే, అయితే అర్థాలిచ్చింది ఇంగ్లీషులో. జర్మన్‌లో చెప్పే పని మా అమ్మాయి మీద పడింది.

‘మనం దాన్ని నీళ్లు పోయడం అంటాం’ అని చెప్పమన్నాను. నూనె రాయడం, నిమరడం, ఒత్తడం, స్నానం, సాంబ్రాణి పొగ అన్నీ అందులోనే ఉన్నాయి. మంత్రసానికి ఒక్క మాటలో అర్థం కాలేదట. వరసగా చెబితే రాసుకుందట.

పరాయి రాష్ట్రంలో ఉన్న మనకు ఇది తెలిసిన సంగతే. పని పోతే మాట పోతుంది. మా వీధిలోనూ ఇప్పుడు మసాజ్ అనేవాళ్లే ఎక్కువ. నా భార్య తిరిగొచ్చేసింది. అక్కడ అల్లుడు నూనె కాచి ఇస్తే అమ్మాయే బిడ్డకు నీళ్లు పోస్తోందట. ఆ పని ఏ భాషలో మాట్లాడుతూ చేస్తున్నావమ్మా అని మాత్రం వారం వారం అడుగుతున్నాను.