కరివేపాకు హీరో అయిన ఊరు!

మలేసియా అనగానే మన సినీ అభిమానులకి గుర్తొచ్చేవి ఆ రెండు టవర్లు! 452 మీటర్ల ఎత్తున్న పెట్రోనాస్ జంట భవనాలు... 2009లో వచ్చిన ప్రభాస్ 'బిల్లా' షూటింగు చాలా భాగం ఆ దేశంలోనే జరిగింది కదా! కానీ కెమెరా తొంగిచూడని చోటు ఒకటుంది. అదే వంటిల్లు. నేను చెప్పబోయేది దాని సంగతే.

కౌలాలంపూర్‌లో జలాన్ అలోర్ అని ఓ వీధి. పొద్దువాలితే చాలు, చైనా హోటళ్లవాళ్లు రోడ్డు పొడుగునా బల్లలూ కుర్చీలూ వేసేస్తారు. పొయ్యి మీద మంట చూస్తే క్లైమాక్సు ఫైటే! అక్కడ నేను తిన్న 'బటర్ ప్రాన్స్' ప్లేటులోంచి గుప్పున ఓ వాసన... ఏమిటనుకున్నారు? కరివేపాకు! చైనావాళ్ల రొయ్యల వేపుడులో మన కరివేపాకేమిటి?

జవాబు మర్నాడు దొరికింది, ఓ తెలుగువారింట్లో. అరవై దాటిన ఆ ఇల్లాలి తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి, పేరాక్ రాష్ట్రంలోని బాగన్ డాతుక్ కొబ్బరితోటల్లో కూలిపని చేశారట. తెల్లదొరల కాలంలో అలా వెళ్లిన తమిళులూ, తెలుగువాళ్లూ, మలయాళీలూ ఇంటి వెనక నాటుకున్న చెట్టే కరివేప. పక్కింటి చైనావాళ్లూ, మలాయివాళ్లూ రుచి మరిగారు. అంతే!

"పిన్నిగారూ, ఆ బటర్ ప్రాన్స్ ఇంట్లో వస్తుందా?" అన్నాను.

"ఎందుకు రాదు బాబూ! చెయ్యి ఆడుతూ ఉండాలి, అంతే" అన్నారావిడ.

చేసి చూపించారు. అరకిలో రొయ్యలకి నల్లనరం తీసి, మొక్కజొన్న పిండి పట్టించి, కాగిన నూనెలో వేయించి తీశారు. వేరే మూకుడులో వంద గ్రాముల వెన్న, రెండు చెంచాల నూనె. నాలుగు గుడ్ల పచ్చసొన గిలక్కొట్టి సన్నని ధారగా పోస్తూ, రెండోచేత్తో ఆపకుండా గిరగిరా తిప్పారు. సొన కాస్తా బంగారు దారప్పోగుల్లా విడిపోయింది! అది వడకట్టి, మిగిలిన వెన్నలో వెల్లుల్లి, చిట్టి పచ్చిమిరపకాయలు, నాలుగు రెబ్బల కరివేపాకు. ఆకు గలగల్లాడాక రొయ్యలు, ఉప్పు, చిటికెడు పంచదార, చివర ఆ పోగులు. అయిపోయింది!

రెండోది మలాయి వంట, 'సంబల్ ఉడాంగ్'. ఉడాంగ్ అంటే రొయ్య. నానబెట్టిన ఎండుమిర్చి పదిహేను, చిన్నుల్లి ఎనిమిది, వెల్లుల్లి, కాల్చిన 'బెలాచాన్' ముక్క కలిపి నూరాలి. బెలాచాన్ అంటే చిట్టి రొయ్యల్ని ఉప్పేసి ఎండబెట్టి, దంచి, ముద్దకట్టింది. కాలుస్తుంటే ముక్కు మూసుకోవాల్సిందే! అది దొరక్కపోతే మన రొయ్యపొట్టు వేయించి నూరండి. అచ్చం అదే కాదుగానీ దగ్గర చుట్టమే. నూరిన ముద్దని సన్నసెగ మీద నూనె తేలేదాకా వేయించి, చింతపండు పులుసు, పంచదార వేసి, ఆఖర్న రొయ్యలు వెయ్యాలి.

ఈ రెండింటికీ ఒకటే సూత్రం. రొయ్య అరసున్నాలా వంగగానే దించెయ్యాలి. నిండుసున్నా అయిందా... ఇక అది మలేసియా రబ్బరే!

వడ్డిస్తూ ఆవిడన్న మాట మాత్రం నాకు కాస్త చేదుగానే తగిలింది. "మనవలకి తెలుగు సరిగా రాదు బాబూ. మలాయి, ఇంగ్లీషే. ఇంకో తరం పోతే మా తాత ఊరి పేరు కూడా ఎవరికీ తెలీదు. కరివేపాకు మాత్రం వాళ్లే కోసుకొస్తారు."

పని అయ్యాక పక్కన పెట్టేసిన మనిషిని 'కూరలో కరివేపాకు' అంటాం మనం. సముద్రాలు దాటించి తోటల్లో పని చేయించుకున్న ఆ కూలీల్ని దొరలు చూసిందీ అలాగే. కానీ వాళ్లు పాతిన మొక్క ఇవాళ మూడు జాతులవాళ్ల వంటల్లో ఉంది.

ఆవిడ మనవలిద్దరూ రొయ్యలు ఒలుచుకుంటూ తింటున్నారు. మధ్యమధ్య ఆ వేగిన ఆకుల్ని కరకరా నమిలేస్తున్నారు. కంచం అంచున ఒక్క రెబ్బ మిగల్లేదు!