సూరత్‌లో అలిగిన పిల్లులు

దీపావళి వెళ్లిన మరునాటినుండి సూరత్ నగరానికి మాట పడిపోయినట్లుంటుంది. ఏడాది పొడవునా రేయింబవళ్లు టకటకలాడే సాంచెలు ఆగిపోతాయి. బట్టల మార్కెట్లు లాభ పంచమి వరకు తలుపులు తెరవవు. లింబాయత్ ప్రాంతపు సందులలో, తెలంగాణ జిల్లాలనుండి వలస వచ్చి స్థిరపడిన పద్మశాలీల ఇండ్లు కొన్ని తాళాలు వేసుకుంటాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు సైతం నడుపుతున్న ఊరది. అయినా స్వగ్రామం పిలుపు వేరు. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్లు వైపు సాగిపోతారు. పెళ్లిళ్ల కాలమైన వేసవిలోనూ ఇదే తంతు. ఆ తాళం వెనుక మిగిలేది తరచు పిల్లి.

జంతువుల పట్ల దయ ఈ ఊరికి కొత్త కాదు. 1689లో బయలుదేరి ఇక్కడికి వచ్చిన ఆంగ్ల మతాచార్యుడు జాన్ ఓవింగ్టన్, రోగగ్రస్తమైన పశువులకు బనియాలు నడిపే వైద్యశాలను గూర్చి వ్రాసిపెట్టాడు. ఆ సమీపంలోనే నల్లులకు సైతం ఒక ఆశ్రయం ఉన్నదట! కాని ఊరు విడవడం కూడ సూరత్‌కు అలవాటే. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్త విని లక్షలాది జనం కొద్ది రోజులలో తరలిపోయారు. 2006 ఆగస్టులో తాపీ నది పొంగి నగరాన్ని ముంచెత్తింది. 2020 మే నెలలో లాక్‌డౌన్ వేళ వలస కార్మికులు ప్రత్యేక రైళ్లలో వెళ్లిపోయారు. అటువంటి ప్రయాణంలో పిల్లిని చంకనెత్తుకొని పోవడం ఎంతమందికి సాధ్యం?

నెల గడిచి ఇల్లాలు తాళం తీస్తుంది. "దా తల్లీ" అని చేయి చాచగానే, పిల్లి ఆమెను ఎన్నడూ ఎరుగనట్లు మంచం కిందికి దూరుతుంది. పళ్లెంలో పెట్టినది ముట్టదు. ఒక్కొక్కప్పుడు పరుపు మీదనే మూత్రం పోస్తుంది. విశ్వాసం లేని జాతి అని చీపురు ఎత్తేవారు కలరు. సందు చివర వదలిపెట్టి వచ్చేవారూ కలరు. ఈ తీర్పు అన్యాయం. పిల్లి యజమాని గొంతును పోల్చుకోగలదని 2013లో జపాను పరిశోధకులు చూపారు. చెవులు రిక్కిస్తుంది, తల తిప్పుతుంది, లేచి రాదు, అంతే భేదం.

అసలు చిక్కు వాసనతో వస్తుంది. చెంపలను మనుషులకు, తలుపు చెక్కలకు రుద్ది పిల్లి తన వాసనను అంటిస్తుంది. ఆ వాసనే దానికి ఇంటి గుర్తు. నెలనాళ్లలో అది వెలిసిపోతుంది. వచ్చిన మనిషి ఒంటి మీద రైలు పొగ, ఊళ్లోని పశువుల కొట్టం, వేరొక సబ్బు వాసన! పిల్లి ఎవరని నమ్మాలి?

కనుక తొలినాడు దానిని పట్టి లాగరాదు. నేలమీద పక్కకు తిరిగి కూర్చొని, చూపు కలిసినప్పుడు కన్నులు మెల్లగా మూసి తెరవాలి. ఇది వెర్రి చేష్టగా తోచవచ్చును. కాని అట్లు చేసిన మనిషి వద్దకు పిల్లులు ఎక్కువగా వచ్చినవని 2020లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వారు ప్రకటించారు. అది పడుకొనే పాతగుడ్డను ఉతకరాదు. పూర్వపు వేళకే, పూర్వపు మూలనే తిండి పెట్టాలి. జాలితో గిన్నెడు పాలు పోయడం మనవారి అలవాటు. పెరిగిన పిల్లులలో పెక్కింటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. పరుపు తడిపిందని కొడితే భయం హెచ్చి మళ్లీ తడుపుతుంది.

అలుకను, జబ్బును వేరుచేసి చూడడం ముఖ్యం. ఒక రోజు దాటినా తిండి ముట్టకున్న పిల్లిని పశువైద్యునికి చూపాలి. పస్తుంటే, అందునా బలిసిన పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రాణం మీదికి వస్తుంది. మగపిల్లి ముక్కుతూ మూత్రం రాక అవస్థ పడుతుంటే ఒక్క పూట కూడ ఆగరాదు.

వెళ్లేముందే పక్కింటి వదినకు తాళంచెవి ఇచ్చి, కట్టి విడిచిన చీర ఒకటి పిల్లి మూలన ఉంచి పోయేవారికి ఈ బాధ తక్కువ. సూరత్ నేతవారికి మరొక జాగ్రత్త అవసరం. ఇన్నాళ్ల నిశ్శబ్దానికి అలవడిన పిల్లి చెవిలో సాంచెల మోత ఒక్కసారిగా పడుతుంది. సాంచెలు తిరిగి మొదలయ్యే రాత్రి దానిని లోపలి గదిలోనే ఉంచి, దాగడానికి ఒక అట్టపెట్టె ఇచ్చి, తలుపు వేయాలి.