కుడి తలుపు పాడటం మానేసింది

కారులో ఒక స్పీకర్ పోతే పాట ఆగదు, అదే చిక్కు. మొత్తం ఆగితే ఆ సాయంత్రమే షాపుకి పరిగెడతాం. సగం ఆగిన పాటతో మాత్రం నెలల తరబడి సర్దుకుపోతాం. వయొలిన్లని ఒక పక్క, తబలాని ఇంకో పక్క పెట్టి స్టీరియోలో రికార్డు చేసిన సినిమా పాటలు మనకి బోలెడు. అలాంటివి పెట్టినప్పుడు పల్లవికీ చరణానికీ మధ్య ఉన్నట్టుండి ఒక గొయ్యి. వయొలిన్లు ఏమయ్యాయి? ‘ఆ పాట మొదటినుంచీ అంతే, మీకే ఏదేదో అనిపిస్తుంది’ అని మా ఆవిడ తేల్చేసింది.

ఇలాంటప్పుడు ముందు అనుమానించాల్సింది సెట్‌లోని బ్యాలెన్స్‌ని, ఫేడర్‌ని. వెనక సీట్లో పిల్లలు ముందుకొచ్చి తెర మీద వేళ్ళు ఆడించారంటే ఏ పక్క ధ్వని ఏ పక్కకి పోతుందో చెప్పలేం. మా దాంట్లో రెండూ నడిమధ్యే ఉన్నాయి. బ్యాలెన్స్ పూర్తిగా కుడికి, ఫేడర్ పూర్తిగా ముందుకి నెట్టాను. కారంతా నిశ్శబ్దం. రోగం నిజమే.

యాక్సెసరీస్ షాపు కుర్రాడు తలుపు వైపు చూడనైనా చూడలేదు. ‘స్పీకర్ పోయింది సార్. ఒకటే మారిస్తే సౌండ్ తేడా కొడుతుంది, జత వేసేద్దాం’ అన్నాడు. అతన్ని తప్పుపట్టను. స్పీకర్ అమ్మితే లాభం, తెగిన వైరు వెతికితే నడుంనొప్పి. కానీ స్పీకర్ లోపల ఏముంటుందో చూసినవాళ్ళు ఆ మాటకి అంత తేలిగ్గా తలూపరు. ఒక అయస్కాంతం, దాని సందులో సన్నటి రాగి తీగ చుట్ట, ఆ చుట్టకి అతికించిన అట్ట గరాటు, అంతే. కరెంటు అటూ ఇటూ మారుతుంటే చుట్ట ముందుకీ వెనక్కీ కదులుతుంది, గరాటు గాలిని తోస్తుంది. చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అనే అమెరికన్ ఇంజనీర్లు 1925లో వివరించిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. నీళ్ళు తగలకుండా, మోతాదు మించి అరిపించకుండా ఉంటే అది ఊరికే చావదు.

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకి వైరింగ్ చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన స్పీకర్ మాటే ఎత్తలేదు. ‘పైనున్న చిన్నది మోగుతోందా?’ అని అడిగాడు. తలుపు మీద, బయటి అద్దం మూలన నల్ల జాలీ వెనక ఉండే ట్వీటర్ సంగతి అది. చెవి ఆనించి చూశాను. దాంట్లోనూ ఉలుకూ పలుకూ లేదు.

‘రెండూ ఒకే రోజు చస్తాయా బాబూ? వాటికి దారి ఒకటే. దారి తెగింది’ అన్నాడు.

ఆ దారి కబ్జాల పక్కన ఉంటుంది. తలుపుకీ కారుకీ మధ్య ముడతల నల్ల రబ్బరు గొట్టం ఒకటి కనిపిస్తుంది చూడండి, అద్దం మోటారుకీ, లాకుకీ, స్పీకర్‌కీ పోయే వైర్లన్నీ అందులోంచే. తలుపు తీసినప్పుడల్లా సాగుతాయి, వేసినప్పుడల్లా మడతపడతాయి. మన దగ్గర స్టీరింగ్ కుడివైపు కాబట్టి ఈ కష్టం కుడి ముందు తలుపుకే ఎక్కువ. కారులో ఇంకెవరూ లేకపోయినా, పాల ప్యాకెట్ కోసం బయల్దేరినా అది తెరుచుకోవాల్సిందే. ఏళ్ళు గడిచేసరికి లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే పుటుక్కుమంటాయి. పై తొడుగు మాత్రం చెక్కుచెదరదు. చూపుకి వైరు నిక్షేపంగా ఉంటుంది, పట్టుకుని లాగితేనే హెయిర్‌బ్యాండులా సాగి గుట్టు బయటపెడుతుంది.

పెద్దాయన పాట పెట్టించి, ఆ గొట్టాన్ని పిడికిట్లో పట్టుకుని నలిపాడు. కుడి తలుపు గరగరమంది. వయొలిన్లు వచ్చాయి, పోయాయి, మళ్ళీ వచ్చాయి.

అయినా స్పీకర్‌ని కూడా చూడనిదే వదల్లేదు. పిడి వెనక, చెయ్యి ఆనించే చోట దాక్కున్న స్క్రూలు తీసి, డోర్ ప్యాడ్‌ని అంచు పట్టుకుని లాగాడు. ఆ చప్పుడు వింటే సొంతదారుకి గుండె గుభేలుమంటుంది. ఒకటి రెండు క్లిప్పులు విరగడం మామూలే, ముందే కొని ఉంచుకోవడం మేలు. పసుపు రంగు కప్లర్ ఎదురైతే మాత్రం చెయ్యి పెట్టకండి, అది ఎయిర్‌బ్యాగ్ వ్యవహారం. స్పీకర్ కప్లర్ ఊడదీసి మీటరు పెడితే, 4 ఓములని రాసి ఉన్న స్పీకర్ 3కీ 4కీ మధ్య చూపించింది. చుట్ట బతికే ఉందన్నమాట. ట్వీటర్‌ని మాత్రం ఇలా కొలిచి పారేయకూడదు. దాని వైరుకి కెపాసిటర్ ఉంటుంది, మీటరు కరెంటు దాన్ని దాటదు, బాగున్నదే చచ్చినట్టు కనబడుతుంది. మీటరు లేకపోతే 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ చాలు. పెద్ద స్పీకర్ కొసలకి ఒక్క క్షణం తాకిస్తే ‘టప్’మంటుంది. ప్లస్‌కి ప్లస్ తగిలితే గరాటు బయటికి వస్తుంది, తిరగేస్తే లోపలికి పోతుంది. వైరు మార్చేటప్పుడు ఇవి తారుమారైతే స్పీకర్ మోగుతుంది గానీ, కుడి ముందుకొచ్చినప్పుడు ఎడమ వెనక్కి పోయి బేస్ పలచబడుతుంది.

తెగిన చోటే సోల్డర్ చేస్తే అక్కడ వైరు బిర్రబిగుస్తుంది, దాని పక్కనే మళ్ళీ తెగుతుంది. అందుకని పెద్దాయన మెత్తటి పోగుల వైరుని గొట్టం ఈ చివర నుంచి ఆ చివరకి వేసి, అతుకుల్ని మడతపడని చోట్లకి తోశాడు. వాటికి టేపు చుట్టలేదు, వేడికి ముడుచుకునే స్లీవ్ తొడిగాడు. కారు సెట్లలో స్పీకర్ వైర్లు రెండిట్లో ఏదీ ఎర్త్ కాదు, రెండిటినీ ఆంప్లిఫయరే నడుపుతుంది. ఒకటి బాడీకి తగిలితే సెట్ తన్ను తాను కాపాడుకోవడానికి నాలుగు తలుపుల నోళ్ళూ ఒకేసారి మూసేస్తుంది. ఒక పక్క మూగబోతే తెగుడు, అన్నీ మూగబోతే తగులుడు అని ఆయన లెక్క. వైరుకీ కూలికీ కలిపి అయింది కొత్త స్పీకర్ల జతలో పదో వంతు కూడా లేదు.

ప్యాడ్ తీసినప్పుడే ఇంకో సంగతి బయటపడింది. లోపలి రేకుకి అతికి ఉండాల్సిన ప్లాస్టిక్ షీటు సగం చిరిగి వేలాడుతోంది. వెనకెప్పుడో అద్దం మోటారు బాగుచేయించినప్పటి నిర్వాకం. వాన నీళ్ళు అద్దం వెంబడి తలుపులోకి దిగడం సహజం, అడుగున కన్నాలు పెట్టిందే అవి పోవడానికి. షీటు ఉన్నంతకాలం ఆ నీళ్ళు ఇవతలికి రావు. లేకపోతే ఒకటి రెండు వానాకాలాలకే కప్లర్ పిన్నులకి పచ్చటి చిలుము పడుతుంది, అట్ట గరాటు ఉబ్బుతుంది. అప్పుడు షాపు కుర్రాడు చెప్పిందే నిజమవుతుంది.

కాబట్టి అద్దం మోటార్లు బాగుచేసే అన్నలారా, పని అయ్యాక ఆ షీటుని మళ్ళీ అతికించండి. కారు ఇచ్చినవాళ్ళు కూడా టీకి వెళ్ళకుండా, ప్యాడ్ బిగించేలోపు ఒకసారి తొంగిచూడండి. అక్కడే ఉన్నారు కాబట్టి, తలుపు అడుగున కన్నాల్లో మట్టి పేరుకుని ఉంటే చీపురుపుల్లతో తీసేయండి.